పద్మనాభ యుద్ధంలో సిపాయికి ఏ తుపాకి ఇవ్వాలి?
(నాటకాలాడే తమ్ముళ్ల కోసం ఒక పాఠం)

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన వసతి గృహంలో రెండు నాటకాలు తప్పవు. ఒకటి అల్లూరి సీతారామరాజు, రెండోది బొబ్బిలి యుద్ధం. రెండూ మన ఉత్తరాంధ్ర గడ్డ మీద జరిగిన కథలే కాబట్టి మనకు వాటి మీద మక్కువ ఎక్కువ. కిందటిసారి మేము వాటికి తోడుగా పద్మనాభ యుద్ధం కూడా ఆడాం. కుంపిణీ సిపాయి వేషాలు వేసిన మేమంతా తీర్థంలో కొన్న ప్లాస్టిక్ తుపాకులు పట్టుకుని వేదికెక్కాం. మీట నొక్కితే టకటకమని ఆగకుండా మోగే రకం అవి. నాటకం అయ్యాక ఒక పూర్వ విద్యార్థి అన్నయ్య మమ్మల్ని పిలిచి, "ఒరే తమ్ముళ్లూ, ఆ రోజుల్లో సిపాయి ఒక గుండు పేల్చాక రెండోది పేల్చడానికి ఎంతసేపు పట్టేదో తెలుసునా?" అని అడిగారు. మాలో ఒక్కరికీ తెలియదు. ఆ ప్రశ్న పట్టుకుని చదివి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

ఏ కథకు ఏ ఆయుధం?

బొబ్బిలి కోట యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. పద్మనాభ యుద్ధం 1794 జూలై 10న జరిగింది. అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో. మొదటి కథకూ చివరి కథకూ మధ్య 165 ఏళ్లు ఉన్నాయి. మూడు నాటకాల్లోనూ ఒకే తుపాకి తిప్పితే అది పొరపాటే.

బొబ్బిలి నాటికి ఫ్రెంచి, ఇంగ్లీషు సైనికుల చేతుల్లో చెకుముకి తుపాకులు ఉండేవి. మన జమీందారుల సైన్యాల్లో ఎక్కువగా వత్తి తుపాకులు, ఈటెలు, కత్తులు ఉండేవి. వత్తి తుపాకి అంటే నిప్పు అంటించిన తాడును మందుకు తగిలించి పేల్చేది. తాడు ఆరిపోతే తుపాకి పనికిరాదు. అల్లూరి కాలానికి ఈ రెండూ పాతబడి, వెనుక నుంచి తూటా పెట్టి పేల్చే తుపాకులు పోలీసులకు వచ్చేశాయి. ఆ మూడు స్టేషన్లలో కలిపి దళానికి దొరికినవి 26 తుపాకులు. ఇక మన వడ్డాదిని ఏలిన మత్స్య వంశపు అర్జునుడి కథ ఎవరైనా ఆడితే, ఆయన దిబ్బిడ శాసనం 1269 నాటిది కాబట్టి, అందులో అసలు తుపాకే కనబడకూడదు.

చెకుముకి తుపాకి ఎలా పేలుతుంది?

చెకుముకి అన్న మాట మనకు కొత్త కాదు. జన విజ్ఞాన వేదిక వారి పిల్లల పత్రిక పేరు అదే. ఈ తుపాకిలో ఒక చిన్న సుత్తి నోట్లో చెకుముకి రాయి బిగించి ఉంటుంది. మీట నొక్కగానే ఆ రాయి ఎదురుగా ఉన్న ఉక్కు రేకును గీరుకుంటూ పోతుంది. అప్పుడు మండేది రాయి కాదు. రాయి గీరిన ఉక్కు సన్నని పొడిగా రాలి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. ఆ నిప్పురవ్వలు దొన్నెలాంటి చిన్న గుంటలో ఉన్న మందు మీద పడతాయి. అక్కడి మంట ఒక చిన్న రంధ్రం గుండా గొట్టంలోకి పోయి లోపలి మందును అంటిస్తుంది.

దీన్ని నింపే పద్ధతి ఇది:

1. సుత్తిని సగం వెనక్కి లాగి ఆపాలి.
2. తోలు పెట్టెలోంచి కాగితపు తూటా తీసి చివర పళ్లతో కొరకాలి.
3. కొంచెం మందు దొన్నెలో పోసి, ఉక్కు రేకుతో మూయాలి.
4. తుపాకిని నిలబెట్టి మిగతా మందు, గుండు, కాగితం గొట్టం మూతిలో వేయాలి.
5. పొడవాటి కడ్డీతో లోపలికి దట్టించి, కడ్డీని దాని చోట మళ్లీ పెట్టాలి.
6. సుత్తిని పూర్తిగా లాగి, ఎక్కుపెట్టి పేల్చాలి.

బాగా తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి మూడు సార్లు పేల్చగలిగేవాడు. అంటే గుండుకూ గుండుకూ మధ్య ఇరవై సెకన్లు. అన్నయ్య ప్రశ్నకు జవాబు ఇదే. 1857 తిరుగుబాటు పాఠంలో తూటా కొరకడం గురించి మనం చదివింది కూడా ఈ పాత అలవాటు గురించే.

కుంపిణీ సిపాయి తుపాకి సుమారు నాలుగున్నర కిలోల బరువు, నాలుగున్నర అడుగుల పొడవు ఉండేది. గొట్టం లోపల నున్నగా ఉండడం వల్ల వంద గజాలు దాటితే గురి కుదిరేది కాదు. అందుకే సిపాయిలు పక్కపక్కన వరుసగా నిలబడి ఒకేసారి పేల్చేవారు. వాన పడితే దొన్నెలో మందు తడిసి తుపాకి మూగబోయేది. అప్పుడు మూతికి తగిలించిన బాయినెట్టే దిక్కు.

ఎర్ర కోటు లోపల ఎవరు?

పద్మనాభం విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్య ఉంది. పేష్కషు బకాయిల పేరుతో కుంపిణీ వారు చిన విజయరామరాజును నెలకు 1,200 రూపాయల భత్యం మీద మచిలీపట్నం వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లకుండా పద్మనాభం చేరారు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో జరిగిన పోరు గంటలోపే ముగిసింది. రాజుతో పాటు ఆయన బంధువులు, అనుచరులు ఎందరో నేలకొరిగారు.

మా నాటకంలో కుంపిణీ వారందరికీ ముఖాన తెల్ల పౌడరు రాశాం. అది మా రెండో తప్పు. ఆ సేనలో తెల్లవారు అధికారులు మాత్రమే. తుపాకి పట్టినవాళ్లు ఈ దేశపు సిపాయిలు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఎర్ర కోట్లు తొడిగిన సిపాయిలను చూసి ఫ్రెంచి వారు ఇంగ్లీషు దొరలనుకుని మోసపోయారట. చొక్కా రంగు అంత పని చేసింది. ఆ సిపాయిలు చెప్పినదానికల్లా తలూపినవాళ్లూ కారు. హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కమంటే, 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సర్కారు సిపాయిలు ఎదురు తిరిగారు.

విడిదిలో ఉన్నవాళ్లు

నాటకం పంచేటప్పుడు రాజు వేషానికి కొట్లాడుకుంటాం. నీళ్లు మోసే వేషం ఎవరికీ అక్కరలేదు. కాని సైన్యం కదిలిందంటే వెంట డేరాలు, వంట పాత్రలు, మందు పెట్టెలు, ధాన్యం బస్తాలు కదలాలి. ఎద్దుల మీద తోలు తిత్తులతో నీళ్లు తెచ్చేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, డేరాలు వేసేవాళ్లు, ధాన్యం తోలే బంజారాలు ఉండాలి. తూటాల పెట్టె తోలుదే, భుజాన పట్టీ తోలుదే, చెప్పులు తోలువే. ఆ తోలు ఊనిందీ కుట్టిందీ ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వారి పేర్లు ఏ స్తంభం మీదా లేవు. సిపాయికి యుద్ధరంగంలో ఇచ్చే అదనపు డబ్బును బత్తా అనేవారు. ఆ మాట మాత్రం ఇప్పటికీ మన నోట్లో మిగిలింది.

డాక్టర్ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ అనే సైనిక పట్టణంలో పుట్టారని మనందరికీ తెలుసు. అక్కడే ఎందుకు పుట్టారని మాత్రం మేము ఎప్పుడూ ఆలోచించలేదు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో బోధించినవారు. ఊరి బడి గుమ్మం దగ్గర ఆపిన కులాల వారికి ఆ రోజుల్లో సైన్యం జీతంతో పాటు అక్షరం కూడా ఇచ్చింది. 1890ల్లో మహర్ల భర్తీ ఆపివేసి ఆ తలుపు కూడా మూశారు. ఇది చదివాక మాకు నీళ్ల తిత్తి వేషం చిన్నదిగా కనబడలేదు.

మనం ఏం చేయవచ్చు?

అమెరికాలోని లెక్సింగ్టన్‌లో 1775 ఏప్రిల్ 19 నాటి పోరును ప్రతి ఏప్రిల్‌లో ఆనాటి దుస్తులతో మళ్లీ ఆడి చూపిస్తారు. తుపాకిలో గుండు వేయరు, మందు మాత్రమే పేలుస్తారు. ఇలాంటి ప్రదర్శనలకు వాడే నమూనా తుపాకుల్లో చాలా మటుకు మన దేశంలో తయారైనవే. నిప్పు పోయే రంధ్రం తొలవకుండానే వాటిని ఓడ ఎక్కిస్తారు. మనకు ఆ దారి వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం నాటు తుపాకికి కూడా లైసెన్సు కావాలి. నిజం తుపాకి, మందు, టపాసు ఏదీ వేదిక దగ్గరకు రానివ్వకండి.

నాలుగున్నర అడుగుల సరుగుడు కర్ర చాలు. మడమకు అట్టముక్కలు అంటించండి. సుత్తిని పాత హవాయి చెప్పు అడుగుతో కోయండి. మసి, బంకతో రంగు వేయండి. పొగకు ధూపం వేసి, దానికి దూరంగా నిలబడండి. చప్పుడుకు తెర వెనుక రేకు డబ్బా వాయించండి. డేరాకు రెండు దుప్పట్లు, మూడు కర్రలు సరిపోతాయి. ప్రతి సిపాయీ ఆరు పనులూ వరుసగా చేసి చూపాలి. ఆ ఇరవై సెకన్లు వేదిక నిశ్శబ్దంగా ఉన్నా ఫరవాలేదు. ఎదుటివాడు దూసుకొస్తుంటే ఆ నిశ్శబ్దమే భయం పుట్టిస్తుంది.

మరొక్క మనవి. ఈసారి నీళ్లు మోసేవాడికి, తోలు కుట్టేవాడికి కూడా ఒక పేరు, రెండు మాటలు రాయండి. వేషాలు పంచేటప్పుడు ఆ రెండూ మాకు ఉంచండి. రాజు వేషం మీరు తీసుకోండి.