తోటివారి తీర్పు
(యౌవనస్థుల పాఠము)

చదువవలసిన భాగములు: లూకా 19:1-10, గలతీ. 6:1-5.

పదునైదేండ్ల బాలుడొకడు అంగడిలో వస్తువు దొంగిలించి పట్టుబడెననుకొనుడి. వానినేమి చేయవలెను? చిన్నవాడు, పోనిమ్మని కొందరందురు. ఇప్పుడే గట్టిగా దండింపవలెనని మరికొందరందురు. ఈ రెంటికి నడుమ మూడవ మార్గమొకటి అమెరికా దేశములో కలదు. దానిని యూత్ కోర్టు అందురు. టీన్ కోర్టు అనియు పేరు.

టెక్సాసులోని ఒడెస్సా పట్టణమున 1983లో ఏర్పడిన కోర్టు అనేక పట్టణములకు మాదిరియైనది. అలాస్కాలోని యాంకరేజిలో 1989లో ఇట్టిదే ప్రారంభమైనది. వీటిలో పనిచేయు పిల్లలు జీతము పుచ్చుకొనరు. తర్ఫీదు పొంది ఇరుపక్షముల తరపున మాటలాడుదురు, జూరీలో కూర్చుందురు. కొన్నిచోట్ల తీర్పరి పెద్దవాడు. కొన్నిచోట్ల, యాంకరేజిలో వలె, తీర్పరులును యౌవనస్థులే. అక్కడ విన్నది బయట చెప్పకుందుమని వారు మాట యియ్యవలెను.

అచ్చటికి వచ్చునవి చిన్న నేరములు. తరచుగా మొదటి నేరములు. చాల కోర్టులలో బాలుడు ముందుగా తన తప్పు ఒప్పుకొనవలెను. కావున చేసెనా లేదా అనునది ప్రశ్న కాదు. చేసినదానిని ఎట్లు సరిదిద్దవలెననునదే ప్రశ్న. శిక్ష చెరసాల కాదు. క్షమాపణ జాబు వ్రాయుట, నష్టము చెల్లించుట, ఊరికి ఉపయోగమగు పని కొన్ని గంటలు చేయుట. గడువులోగా నెరవేర్చినచో సాధారణముగా కేసు కొట్టివేయబడును.

ఇందులో మనము గమనింపవలసిన సంగతి యొకటి. అనేక కోర్టులలో ఆ బాలుడే మరల వచ్చి, వేరొకని విచారణలో జూరీ సభ్యుడుగా కూర్చుండవలెను. నిన్న తలవంచుకొని నిలిచినవాడు నేడు తీర్పు చెప్పువారిలో ఒకడగును. తప్పుచేసినవాని సాకులు వానికి తెలియును, సులభముగా మోసపోడు. ఆ సిగ్గును తెలియును. ఎదుటివానిని చులకన చేయడు.

దీని ఫలమేమి? నాలుగు రాష్ట్రములలో జరిగిన పరిశోధనను అర్బన్ ఇన్‌స్టిట్యూట్ 2002లో ప్రకటించెను. అలాస్కాలో యూత్ కోర్టుకు వచ్చినవారిలో ఆరు నెలలలో మరల నేరమున చిక్కినవారు నూటికి 6గురు. మామూలు పద్ధతిని నడచినవారిలో 23గురు. మేరీలాండులో మాత్రము అట్టి మేలు కనబడలేదు. అక్కడ రెండవ గుంపువారికి పోలీసులే సమాజసేవ వంటి పనులు అప్పగించుచుండిరి. కాబట్టి పేరునుబట్టి ఏ పద్ధతియు గొప్పది కాదు.

జక్కయ పశ్చాత్తాపము నోటిమాటతో ఆగలేదు; పుచ్చుకొనిన సొమ్ము తిరిగి బాధితుల యింటికి చేరవలసి యుండెను. పడినవానిని లేవనెత్తువాడు సాత్వికుడై, తన్నుతాను చూచుకొనవలెనని పౌలు గలతీయులకు బోధించెను. ఈ రెండును కలిసినప్పుడే తీర్పు మేలు చేయును.

మన సంగతి ఏమి? యౌవనుల కూటమి చందాసొమ్ము ఒకడు వాడుకొనినయెడల, పెద్దింటి పిల్లవాడైన కప్పిపుచ్చుదుము, పేదవాడైన వెళ్లగొట్టుదుము. మొదటివాడు సరిదిద్దుకొనుట నేర్వడు. రెండవవానికి తిరిగివచ్చు త్రోవ లేదు. ఇద్దరికిని మనము అన్యాయమే చేసితిమి.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. క్షమించుటకును కప్పిపుచ్చుటకును భేదమేమి?
2. తప్పుచేసిన స్నేహితుడు మన నడుమ మరల కూర్చుండునట్లు ఏ స్థలము ఉంచితిమి?
3. అతని సంగతి మనము ఎందరికి చెప్పితిమి?