వడిసెలకు విలువ కట్టడం: బల్లమీది యుద్ధాటలు నేర్పిన పాఠాలు

బల్లమీద పటం పరిచి, రెండు దండులు దించి ఆడే యుద్ధాటల్లో ఆటగాడికి ముందే కొన్ని పాయింట్లు ఇస్తారు. వాటితోనే మనుషుల్నీ ఆయుధాల్నీ కొనుక్కోవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో భాగమైన జనగామ పోరు మీద మా ఊరి పిల్లలతో ఈ ఆట ఆడించినప్పుడల్లా అందరి చూపూ తుపాకుల మీదే ఉండేది. వడిసెల, గుత్ప, రోకలి, కారంపొడి పెట్టెలోనే మిగిలిపోయేవి. ఈ నేల మీద జనం పట్టిన ఆయుధాలేమో అవే. కొత్తగా ఆటలు కట్టే పిల్లల కోసం, వాటిని బల్లమీదికి తెచ్చే దారి రాస్తున్నాను.

1. ముందు పులిజూదం ఆడండి.
మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేక ఎవర్నీ చంపలేదు. అయినా తెలిసినవాడి చేతిలో మేకలు పులుల్ని కదలకుండా కట్టేస్తాయి. మేక వెనక చోటు నిండి ఉంటే పులికి దూకే వీలుండదు. ఒంటరి మేక పోతుంది, తోడున్న మేక నిలుస్తుంది. రచ్చబండ మీద ఈ ఆట వచ్చినవాడికి దండు కట్టడంలో సగం విద్య వచ్చినట్టే.

2. దెబ్బ పెంచకండి, ధర తగ్గించండి.
ఎవరూ ఎంచుకోవడం లేదని వడిసెల దెబ్బను తుపాకీకి సమానం చేసేవాళ్లున్నారు. అప్పుడిక అది పేరుకే వడిసెల. అది ఎందుకు చౌకో చూడండి. తాడు ఇంట్లో పేనిందే, రాయి నేలమీద దొరికేదే. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలిన చేతులకు కొత్తగా నేర్పాల్సిందీ లేదు. అందుకే శిక్షణకు పాయింట్లు తీసుకోకండి. ఒక తుపాకీ ధరకు అరడజను మంది వడిసెలవాళ్లు వచ్చేలా చూడండి.

3. ఆయుధానికి తగిన చోటు ఇవ్వండి.
వడిసెల తిప్పాలంటే చుట్టూ ఖాళీ కావాలి. ఇరుకు సందులో అది దండగ. గుట్ట మీదో బురుజు మీదో నిలబెడితే రాయి దూరం పోతుంది. సందు మొదట్లో గుత్పలవాళ్లు దారి కాస్తే, వాళ్ల వెనక ఎత్తులో ఉన్న వడిసెలవాళ్లకు తీరిక దొరుకుతుంది. రోకలి, కారం గడప దగ్గర పనికొచ్చేవి. గాలికి ఎదురుగా చల్లిన కారం చల్లినవాళ్ల కళ్లలోనే పడుతుంది కాబట్టి గాలి దిశకూ ఒక పాచిక వేయించండి.
విల్లు కూడా పెట్టెలో ఉంటే దానికి అడవి ఇవ్వండి. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం వైపు, భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ వైపు అడవుల్ని పటంలోకి తీసుకోండి. చెట్ల నడుమ తుపాకీకి ఉన్న దూరం అక్కరకు రాదు. తుపాకీ పేలితే పొగా చప్పుడూ మనిషి జాడ చెబుతాయి, బాణం చెప్పదు. బాణం వేశాక కూడా విలుకాడు దాగే ఉంటాడని నియమం రాయండి.

4. ఎదుటివాడి ఆయుధానికి ఉన్న లోపాన్నీ రాయండి.
బర్మారు తుపాకీకి మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, దట్టించాలి. ఆలోగా వడిసెలవాడు ఇంకో రాయి, ఆపైన ఇంకో రాయి విసురుతాడు. వానకు మందు తడిస్తే బర్మారు పేలదు. కాబట్టి ఒక వంతు పేల్చిన తుపాకీకి మరుసటి వంతు మందు కూరడానికే పోవాలి. ఆటలో వానాకాలం కూడా ఉండాలి.

5. ధైర్యానికి వేరే లెక్క పెట్టండి.
మామూలు యుద్ధాటల్లో మనిషి పడితే దండు బెదిరి వెనక్కి పోతుంది. 1946 జూలై 4న కడవెండిలో భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు ఆంధ్రమహాసభ సంఘం ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. జనం చెదిరిపోలేదు, గూండాల్నే తరిమారు. సొంత ఊళ్లో నిలబడ్డ మనుషులకు పక్కవాడు పడినప్పుడు పట్టుదల పెరుగుతుందని ఆటలో రాయకపోతే, కడవెండి అర్థమే కాదు.

6. గెలుపంటే ఏమిటో మీరే నిర్ణయించండి.
ఎదుటివాళ్లలో ఎందరు పడ్డారన్నదే లెక్కయితే తుపాకీయే గెలుస్తుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దేశ్‌ముఖ్ కాజేయబోతే, సంఘం కార్యకర్తలు అండగా నిలిచి ఆ గింజల్ని ఆమె ఇంటికి చేర్చారు. అక్కడ గెలుపంటే పంట ఇల్లు చేరడం. పటం మీద ఒక కల్లం, ఒక ఇల్లు గీయండి. మూటలు మోసేవాళ్లకూ దారి కాసేవాళ్లకూ పాయింట్లు పెట్టండి. గుత్ప విలువ అప్పుడు తెలుస్తుంది.

7. ఆట చేత అబద్ధం చెప్పించకండి.
అప్పటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లిలో జనం బురుజెక్కి కాపు కాశారు. నిజాంకు అండగా నిలిచిన సాయుధ మూక రజాకార్ల దాడుల్ని తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకొని వచ్చారు. ఆ రోజు ఎనభైమందికి పైగా ఊరివాళ్లను చంపేశారు. ఆ పోరును బల్లమీద పెడితే వడిసెల సైన్యాన్ని ఓడించినట్టు చూపకండి. అది చనిపోయినవాళ్లకు అన్యాయం. ఊరు ఎన్ని వంతులు నిలిచిందో దానికి పాయింట్లు ఇవ్వండి.

ఆట ముగిశాక పిల్లవాడు ‘వడిసెల ఎందుకు ఓడింది?’ అని అడగాలి. ‘ఓడుతుందని తెలిసీ ఎందుకు పట్టారు?’ అని కూడా అడగాలి. ఆ రెండు ప్రశ్నలూ పుట్టించేలా దండు కట్టండి బిడ్డా, పెట్టెలో ఒక్క ఆయుధం కూడా మిగలదు.