నీటి మొక్కల తొట్టెకు సన్న గులకరాయి - ఎంపిక విధానం



మేము ఈ హాస్టల్లోనే 6వ తరగతి నుండి 10వ తరగతి వరకు ఉండి చదువుకున్నాం. ప్రస్తుతం వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివారం మేమే. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్ళకు సైన్సు చెప్పడం మాకు అలవాటు. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకొని స్టడీ హాలుకు ఒక అద్దాల తొట్టె కొనిచ్చారు. అందులో మొక్కలు, చేపలు పెంచే పని అలా మా చేతికి వచ్చింది. ఆ పనిలో రెండుసార్లు తప్పు చేసి, మూడవసారి నేర్చుకున్న పాఠాన్ని ఈ వ్యాసంలో తెలియజేస్తున్నాం.

అడుగు పొర ఎందుకు?

తొట్టె అడుగున వేసే రాళ్ళు అందం కోసమేనని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. నిజానికి ఆ పొర మూడు పనులు చేస్తుంది.

మొదటిది, మొక్క వేళ్ళకు పట్టునిస్తుంది. రెండవది, వేళ్ళకు ఆహారం అందే చోటు అదే. మూడవది కంటికి కనిపించని పని. చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాళ్ళ మీద నివసించే బాక్టీరియాలు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. మన పుస్తకంలోని నత్రజని వలయం ఇదే.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు పాత్రలో ఇసుక, బురద వేసి, వాలిస్నేరియా మొక్క నాటి, బంగారు చేపలను, తరువాత నీటి నత్తలను పెంచి, జంతువులు, మొక్కలు ఒకదానికొకటి ఎలా ఆధారమవుతాయో చూపించాడు. ఇంటర్ బోటనీలో పరాగ సంపర్కం పాఠంలో వచ్చే వాలిస్నేరియా అదే. మేము నాటినదీ అదే.

మొదటి తప్పు: తెల్లని రాళ్ళు

ఒక ఇంట్లో మొజాయిక్ గచ్చు వేయగా మిగిలిన తెల్లని చిప్స్ మాకు ఉచితంగా దొరికాయి. ఒక్కొక్కటి శనగగింజంత. తొట్టెలో వేస్తే పాలరాతి గుడిలా మెరిసింది. తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు.

వారం తిరగకుండా మొక్కలు ఊడి పైకి తేలాయి. అంత పెద్ద రాళ్ళ మధ్య వేళ్ళకు పట్టు చిక్కలేదు. మేత సందుల్లోకి జారి కుళ్ళింది. తిరిగి నాటిన మొక్కలకు వచ్చిన కొత్త ఆకులు పసుపు పచ్చగా మారాయి. కారణం ఆ రాయిలోనే ఉంది. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. అది కొద్దికొద్దిగా కరిగి నీటి కఠినత్వాన్ని, పి.హెచ్.ను పెంచుతుంది. పి.హెచ్. పెరిగితే నీటిలోని ఇనుము మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. ఇనుము అందకపోతే లేత ఆకులు పాలిపోతాయి. మన బోరు నీళ్ళు అసలే కఠినజలం. దానికి ఈ రాయి తోడైంది.

రెండవ తప్పు: మెత్తని ఇసుక

పెద్ద రాళ్ళు పనికిరాలేదు కాబట్టి ఈసారి గోడల పూతకు వాడే మెత్తని ఇసుక మూడు అంగుళాల మందంలో పోశాం. రెండు నెలలు అంతా బాగుందనుకున్నాం. తరువాత ఇసుక లోపల నల్లని చారలు కనిపించాయి. ఒక మొక్కను పీకి చూస్తే వేళ్ళు నల్లబడి ఉన్నాయి, బుడగలు వచ్చాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసింది. మర్నాడు ఉదయానికి నాలుగు గప్పీలు తేలిపోయాయి.

మెత్తని ఇసుక తడిసి గట్టిగా అణిగిపోతుంది. లోపలికి నీరు కదలదు, ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ లేని చోట బతికే బాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువును తయారు చేస్తాయి. మేము కదిలించగానే అదీ, దానితోపాటు కుళ్ళిన మురికీ నీళ్ళలో కలిశాయి.

ఆ చేపలకు పేర్లు పెట్టుకున్న 7వ తరగతి తమ్ముడు ఆ రోజు టిఫిన్ తినలేదు. "ఇంకొకసారి చేపలు చస్తే తొట్టె తీసేద్దాం" అని పెద్దలు అన్నారు. వారి మాటలో తప్పు లేదు. మాకు మాత్రం తలదించుకున్నంత పని అయింది. సైన్సు చదివినవాళ్ళమని తమ్ముళ్ళు మమ్మల్ని నమ్మారు కదా!

ఇంట్లో దొరికిన సమాధానం

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాం. మా నాయన తాపీ పని చేస్తాడు. మా అమ్మ ఆయన వెంట వెళ్ళి ఇసుక జల్లిస్తుంది. అమ్మ విని, "మెత్తటి ఇసుక తడిస్తే బండలా కూర్చుంటదిరా. చెట్టు బతకాలంటే గింజ గింజ విడిగా ఉండాల. నీళ్ళు దిగాల" అంది. తరువాత పెరట్లో పోసి ఉంచిన కుప్పను చూపించింది. పూత ఇసుక జల్లించగా జల్లెడ మీద మిగిలిన గులకరాళ్ళు అవి. పనికిరావని బయట పారేసేవి.

పుస్తకంలో మేము చదివింది, అమ్మ ఇరవై ఏళ్ళుగా చేత్తో తెలుసుకున్నది ఒకటే. ఇన్నాళ్ళూ ఆమెను అడగాలని మాకు తోచలేదు.

గింజ ఎంత ఉండాలి?

2 నుండి 4 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. స్కేలు అక్కరలేదు. ఆవగింజ కన్నా చిన్నది వద్దు, పెసరగింజ కన్నా పెద్దది వద్దు. జల్లెడ మీద మిగిలిన రాళ్ళను మరల బియ్యం జల్లెడలో వేసి ఆడించాం. పైన నిలిచిన పెద్దవాటిని తీసేశాం. కింద పడిన సన్నవే మనకు కావలసినవి.

నది ఇసుకలోని రాయిలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఇవి నీటిలో కరగవు. అయితే వాటిలో నత్తగుల్లలు, సున్నపు ముక్కలు కలిసి ఉండవచ్చు. వాటిని ఏరివేయాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వలు ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. ఇప్పుడు చాలాచోట్ల రోబో ఇసుక వాడుతున్నారు. అది క్రషర్‌లో పగిలిన రాయి. దుమ్ము ఎక్కువ, అంచులు పదును. అడుగున పొర్లాడే చేపలు ఉంటే వాడవద్దు. ఎవరూ ఇందుకోసం వాగులో ఇసుక తవ్వవద్దు. కట్టుబడి జరిగే చోట అడిగితే జల్లెడ మీది రాళ్ళు ఇస్తారు.

నిమ్మకాయ పరీక్ష

ఏ రాయి దొరికినా తొట్టెలో వేసే ముందు ఈ పరీక్ష చేయండి.

1. రెండు ప్లేట్లు తీసుకోండి. ఒకదానిలో మెస్‌లో దొరికే గుడ్డు పెంకును నలిపి వేయండి. రెండవదానిలో పొడి గులకరాళ్ళు కొన్ని వేయండి. అందులో నాలుగైదింటిని దంచి వేస్తే మరీ మంచిది.

2. రెండింటి మీద నిమ్మరసం పిండండి. గుడ్డు పెంకు నుండి సన్నని బుడగలు వస్తాయి. అది కార్బన్ డై ఆక్సైడ్.

3. రాళ్ళ నుండి కూడా అలాగే బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్లే. వాటిని వాడవద్దు.

కడప బండ మీద నిమ్మరసం పడితే మచ్చ ఎందుకు పడుతుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అదీ సున్నపురాయే. ల్యాబ్‌లోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఫలితం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కానీ సారు పక్కన లేకుండా ఆమ్లాన్ని ముట్టుకోవద్దు.

ఎన్ని కిలోలు కావాలి?

మన తొట్టె పొడవు 60, వెడల్పు 30 సెంటీమీటర్లు. పొర మందం సగటున 5 సెంటీమీటర్లు.

60 × 30 × 5 = 9,000 ఘనపు సెంటీమీటర్లు, అంటే 9 లీటర్లు. ఒక లీటరు గులకరాయి సుమారు ఒకటిన్నర కిలో తూగుతుంది. కాబట్టి 14 కిలోలు చాలు. ముందు 4, వెనుక 6 సెంటీమీటర్లు ఉండేలా ఏటవాలుగా పరిస్తే మురికి ముందుకు జారి, తీయడం సులువవుతుంది.

కడగడం, పరచడం

రాళ్ళను బకెట్‌లో కొద్దికొద్దిగా వేసి, చేత్తో కలుపుతూ నీళ్ళు తేటపడే వరకు కడగాలి. మాకు పదిసార్లు పట్టింది. సబ్బు, సర్ఫు తగలనివ్వకూడదు. కడిగిన నీళ్ళను చెట్లకు పోశాం.

ఈ రాయిలో మొక్కకు ఆహారం ఏమీ ఉండదు. అందుకని ఎరువు వేయని చోటి ఎర్రమట్టిని తడిపి, గోళీలంత ఉండలు చేసి, ఆరబెట్టి, మొక్కల వేళ్ళ దగ్గర లోపలికి గుచ్చాం. ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది. ముందు మొక్కలు నాటి, రెండు చేపలే వదిలాం. బాక్టీరియాలు స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఆ తరువాతే మిగతా చేపలను వేశాం.

ఈ మూడవ పొర వేసి 14 నెలలు అయింది. మొక్కలు పక్కకు తీగలు సాగి పిల్లలు పెట్టాయి. గప్పీలు కూడా పెట్టాయి. రాళ్ళకు అయిన ఖర్చు లేదు. నిమ్మకాయలు రెండు.

గుర్తుంచుకోండి

* గింజ ఆవగింజకు, పెసరగింజకు మధ్య ఉండాలి.
* నిమ్మరసానికి బుడగ రాకూడదు.
* సబ్బు లేకుండా తేటనీళ్ళు వచ్చేదాకా కడగాలి.
* అందం చివర చూడాలి.

తమ్ముళ్ళూ! కిందటి నెల మా అమ్మ హాస్టల్‌కు వచ్చి తొట్టె చూసింది. 7వ తరగతి తమ్ముడు ఆమెకు నత్రజని వలయం చెప్పాడు. ఆమె అతనికి జల్లెడ ఎలా ఆడించాలో చెప్పింది. మీ ఇళ్ళలోనూ మట్టి, రాయి, నీరు, విత్తనం తెలిసినవారు ఉన్నారు. పాఠంలో అర్థం కానిది ఉంటే ఈ సెలవుల్లో వారిని ఒకసారి అడిగి చూడండి.

అభ్యాసం: 90 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టెలో 5 సెంటీమీటర్ల మందాన గులకరాయి పరచాలంటే ఎన్ని కిలోలు కావాలి? జవాబును తొట్టె పక్కనున్న నోటుపుస్తకంలో రాయండి.