స్వల్పవ్యయముతో ప్రయోగశాల

ఎల్లారెడ్డి బాలుడొకడు ఇంట ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల నేర్పరచుకొనదలచి, కొద్దిపాటి రూకలతో జిల్లా కేంద్రమగు కామారెడ్డికి పోయెననుకొనుడు. అతడు ముందుగా కొనవలసినది మల్టీమీటరు. కొలత తెలియనిచో కొన్న వస్తువులే కాలిపోవును.

ఎర్రని ఎల్.ఇ.డి. దీపమునకు సుమారు 2 వోల్టులు చాలును. 9 వోల్టుల బ్యాటరీకి తిన్నగా తగిల్చినచో అది మాడిపోవును. నడుమ 470 ఓముల నిరోధకమును చేర్చినచో, మిగిలిన 7 వోల్టులు దానిమీద పడి, ప్రవాహము 15 మిల్లీ ఆంపియర్లకు పరిమితమగును. నిరోధకమును కొననే అక్కరలేదు. బ్యాటరీతో నడచిన పాత రేడియోను విప్పినచో అట్టివి పెక్కులు దొరకును. పసుపు, ఊదా, గోధుమ పట్టెలున్నది 470 ఓములది. రంగులు వెలిసినచో మల్టీమీటరే విలువను చెప్పును.

చెడిన పాత టెలివిజనును మాత్రము విప్పరాదు. తీగ ఊడదీసిన పిదపను అందలి కెపాసిటరులలో ప్రాణములు తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును.