మలుపు అవతలి మనిషి

కాలిఫోర్నియాలో కూపర్టినో, సారటోగా ఊళ్లను ఆనుకుని ఉన్న కొండల్లో చాలా ఏళ్లుగా మౌంటెన్ బైక్ తొక్కుతున్నాను. ఫ్రీమాంట్ ఓల్డర్, స్టీవెన్స్ క్రీక్, ఇంకాస్త దూరాన ఎల్ కోర్టె డి మడేరా. అక్కడి బాటల్లో ఎక్కువ భాగం నడిచేవాళ్లకూ పరిగెత్తేవాళ్లకూ సైకిళ్లకూ ఉమ్మడి, చాలాచోట్ల గుర్రాలకు కూడా. మోకాళ్లు మొరాయించాక నాకు తొక్కడం తగ్గింది, నడక పెరిగింది. కొత్త బైకులు కారు వెనక తగిలించుకుని శనివారం పొద్దున్నే కొండకు వస్తున్న మన తెలుగు పిల్లలను చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లకు చెప్పవలసినవి కొన్ని నా దగ్గర ఉన్నాయి.

1. కంటికి ఆనినంత దూరంలో ఆగగలిగినదే సరైన వేగం.

ఈ కొండల్లో చాలా భాగాన్ని 1972లో ఏర్పడిన మిడ్‌పెనిన్సులా రీజినల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్ చూసుకుంటుంది. దాని బాటల మీద సైకిలు గంటకు 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు మించకూడదు. ఎవరినైనా దాటేటప్పుడూ, అవతల ఏముందో తెలియని మలుపుల్లోనూ 5 మైళ్లే. రేంజర్లు రాడార్ పట్టుకుని కొలుస్తారు కూడా. ఈ అంకెలు తొక్కడం సరిగ్గా రానివాళ్ల కోసం పెట్టారని చాలాకాలం అనుకున్నాను. లెక్క వేసి చూసుకున్నాక గాని బుద్ధి రాలేదు. గంటకు 24 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరున్నర మీటర్లకు పైగా పోతాం. మనిషి కంటపడి, వేలు బ్రేకు మీద బిగిసేసరికే ఆ సెకను అయిపోతుంది. వేసవిలో గట్టి మట్టి మీద సన్నటి గులక, దుమ్ము పేరుకుని ఉంటాయి కనుక ఆ తర్వాత చక్రం ఆగినా సైకిలు ఆగదు, జారుకుంటూ పోతుంది. అదే 5 మైళ్ల వేగంలో అయితే ఆ సెకనులో జరిగేది రెండు మీటర్ల చిల్లర. మలుపు అవతల పసిపిల్ల ఉన్నా బతికిపోతుంది.

2. క్షమాపణ చెప్పాలంటే ముందు ఆగాలి.

ఫ్రీమాంట్ ఓల్డర్‌లో కూరా ట్రైల్ అని నిటారుగా దిగే బాట ఒకటుంది. ఒక శనివారం అక్కడ దిగుతూ మలుపు తిరిగేసరికి ఎదురుగా తెల్లజుట్టు పెద్దావిడ, రెండు చేతుల్లో రెండు ఊతకర్రలు. ఆవిడ పడలేదు, నేనూ పడలేదు. నాకు దారివ్వడానికి ఆవిడ గబుక్కున బాట దిగి పొదల్లోకి అడుగు వేసింది. అవి పాయిజన్ ఓక్ పొదలు. కొమ్మకు మూడేసి ఆకులు, నూనె రాసినట్టు మెరుపు, వేసవి ముదిరేసరికి ఎర్రబడతాయి. ఆ ఆకు తగిలితే ఒళ్లంతా బొబ్బలు, వారాల తరబడి దురద. నేను ‘సారీ’ అని అరిచి దిగిపోయాను. ఊపు పోతే మళ్లీ అందుకోలేనన్న ఆత్రం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు.

అంతకుముందు ఆవిడ ఆ దారిలో తరచు కనిపించేది. ఆ తర్వాత కనిపించలేదు. కారణం వేరే ఏదైనా కావచ్చు. కానీ ఆ రోజు ఆగి ఉంటే, వెంటనే కడుక్కోవడానికి నా సీసాలో నీళ్లయినా ఇచ్చి ఉండేవాణ్ని. ఎవరికీ దెబ్బ తగలలేదు కదా అని సర్దుకోవడం తేలిక. కొండకు రావాలంటేనే ఒక మనిషి జంకేలా చేస్తే, అది దెబ్బ కంటే తక్కువ అని నేను ఇప్పుడు అనుకోను.

3. కేక వేయడం వేరు, కబురు చెప్పడం వేరు.

‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని అరుస్తూ దాటిపోవడం ఇక్కడి సైకిళ్ల అలవాటు. మీ ఎడమ పక్కనుంచి వెళుతున్నాను, అటు రాకండి అని. వేసవిలో గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు సాయంత్రం నడకకు ఈ బాటల మీదికే వస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోడ్డుకు ఎడమ పక్కన తప్పుకోవడం అలవాటైనవాళ్లు. వెనక కేక వినబడగానే సరిగ్గా ఎడమకే జరుగుతారు, అదీ మన చక్రం ముందుకు. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులతో గులక మీద ఆచితూచి దిగుతున్న అమ్మను ఎన్నోసార్లు చూశాను. ఆమెకు మన కేక ఒక ఉలికిపాటు, అంతే. అందులో ఆమె తప్పేమీ లేదు.

మన ఊళ్లో అద్దె సైకిలు తీసుకుంటే ముందు బెల్లు మోగుతుందా లేదా అని చూసుకునేవాళ్లం. ఇక్కడికి వచ్చాక ఖరీదైన బైకుకు బెల్లు నామోషీ అనుకున్నాను. మీరు అలా అనుకోకండి. ఇరవై ముప్ఫై మీటర్ల దూరం ఉండగానే ఒక్కసారి మోగించండి. వాళ్లు వెనక్కి తిరిగి చూసేదాకా కాలు కింద పెట్టి ఆగండి. మన వెనక ఇంకా ఎవరైనా సైకిళ్ల మీద వస్తుంటే ఎంతమందో చెప్పండి. మనవాళ్లని తెలిస్తే, ‘మెల్లగా రండి అమ్మా, నేను ఆగుతాను’ అని తెలుగులో అనండి. ఆ మాటకు ఆ ముఖంలో వచ్చే వెలుగు చూడవలసిందే.

4. పరిగెత్తేవాళ్లకు మనం వినబడమనే అనుకోవాలి.

చెవుల్లో పాట, గుండెల్లో ఎగశ్వాస. అనుకున్న దూరం పూర్తికాగానే ఉన్న చోటే గిరుక్కున వెనక్కి తిరుగుతారు. వాళ్ల వెనక మీటరు దూరంలో తొక్కడం మంచిది కాదు. దారి వెడల్పయ్యేదాకా వెనకే ఉండండి.

5. గుర్రం దగ్గర సైకిలు దిగి మాట్లాడాలి.

బాట మొదట్లో పసుపుపచ్చ త్రికోణం బోర్డు కనిపిస్తుంది. సైకిలు అందరికీ దారివ్వాలి, నడిచేవాళ్లు గుర్రానికి దారివ్వాలి. చప్పుడు లేకుండా, తల వంచుకుని, వేగంగా మీదికి వచ్చే ఆకారాన్ని గుర్రం వేటాడే మృగమనుకుని బెదురుతుంది. మనిషి గొంతు వింటే కుదుటపడుతుంది. అందుకే దిగి, పల్లం వైపు నిలబడి, రౌతును పలకరించి, ఎలా దాటమంటారో అడగాలి. వాళ్లు చెప్పినట్టే చేయాలి.

6. తడి బాటను తొక్కితే ఆ గాటు వేసవి దాకా పోదు.

ఇక్కడ వానలన్నీ చలికాలంలోనే. వాన వెలిసిన మర్నాడు కొండ పచ్చగా, గాలి చల్లగా ఉండి, ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. ఆ ఉబలాటంలోనే బంకమట్టి బాటలను పాడుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. టైరు దిగిన చోట గాడి పడుతుంది. వాలు మీదుగా పక్కకు పోవలసిన నీళ్లు ఆ గాడి పట్టుకుని బాట పొడవునా పారి, మట్టిని కోసుకుపోతాయి. ఎండ కాశాక అదే గాడి రాయిలా గట్టిపడి, నడిచేవాళ్ల చీలమండలు మెలిపెడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు పక్కన గడ్డిలో నడుస్తారు, బాట రెండింతలవుతుంది. వాన తర్వాత కొన్ని పార్కులు సైకిళ్లకూ గుర్రాలకూ బాటలు మూసేది ఇందుకే. బోర్డు లేకపోయినా, టైరుకు మట్టి అంటుకుంటోందంటే వెనక్కి తిరగండి.

7. ఈ దారులు మనకు హక్కుగా వచ్చినవి కావు.

మౌంటెన్ బైకు ఆట రూపు దిద్దుకున్నది ఇక్కడికి ఉత్తరాన, మారిన్ కౌంటీలో. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండదారిలో తొలి రీప్యాక్ పందెం జరిగింది. పాత సైకిళ్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజు కాలిపోయి మళ్లీ నింపుకోవలసి వచ్చేది, అందుకే రీప్యాక్ అన్న పేరు. ఆ తర్వాత జో బ్రీజ్, టామ్ రిచీ, గ్యారీ ఫిషర్ లాంటివాళ్ల చేతుల్లో ఆ బైకు ఊరూరా పాకింది. దాని వెంటే నడిచేవాళ్ల ఫిర్యాదులు, వాటి వెంట నిషేధాలు వచ్చాయి. ఈ ఆట పెరిగిన మౌంట్ టామల్పైస్ చుట్టూనే చాలా సన్నబాటలు సైకిళ్లకు మూసేశారు, మంటలార్పే బండ్ల కోసం వేసిన వెడల్పాటి ఫైర్ రోడ్లు మిగిలాయి. 1988లో కాలిఫోర్నియాలోని కొన్ని క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘాన్ని పెట్టుకున్నది ఇలా బాటలు మూతపడడం చూసే. నియమాలు రాసుకుని, బాటలు బాగుచేసి, ‘మమ్మల్ని నమ్మండి’ అని అధికారులను అడిగారు. మనం తొక్కుతున్న బాటలు ఆ నమ్మకం మీద తెరుచుకుని ఉన్నాయి. ఫోన్ యాప్‌లో నమోదయ్యే మన సమయంలో నాలుగు సెకన్లు తగ్గించుకోవడానికి దాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆదివారం పది గంటలకు, జనం కిటకిటలాడే వేళ, ఆ పందెం అసలు వద్దు.

డిస్ట్రిక్టు బాటల పనికి వాలంటీర్లను పిలుస్తూనే ఉంటుంది. సైకిలు ఇంట్లో పెట్టి ఒక పూట వెళ్లండి, పార పట్టుకోండి. నడిచేవాళ్లూ అక్కడికి వస్తారు. వాళ్ల పక్కన నిలబడి మట్టి ఎత్తండి, వాళ్లు చెప్పేది వినండి.