లోక్తా: పూల పొద, కాగితపు పొద



ఈ సంచికకు ఒక మొక్క గురించి రాయమన్నారు. వృక్షశాస్త్రం పి.జి. చదువుతున్న మేము మల్లెను, సన్నజాజిని వదిలి నేపాల్ కొండలెక్కాం. కారణం కాగితం. తాతల నాటి పట్టా కాగితాలు ట్రంకు పెట్టెలోనే చెదలకు ఆహుతైన ఇళ్లు మనలో చాలామందివి. నేపాల్‌లో తరతరాలుగా దస్తావేజులు, మతగ్రంథాలు రాసుకున్నది ఒక పూల పొద బెరడుతో చేసిన కాగితం మీద. దాన్ని పురుగు అంత తేలిగ్గా ముట్టదు.

ఆ పొద లోక్తా. నిజానికి డాఫ్నే భోలువా, డాఫ్నే పాపిరేసియా అనే రెండు జాతులనూ అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. పాపిరేసియా అంటేనే కాగితం వంటిది అని అర్థం. కుటుంబం థైమెలియేసి. హిమాలయ అడవుల్లో సుమారు 1,600 మీటర్ల ఎత్తు నుంచి పెద్ద చెట్ల నీడన పెరుగుతాయి. పాపిరేసియా పూలు తెలుపు. భోలువా పూలు లోపల తెలుపు, వెలుపల గులాబీ ఛాయ. చలికాలంలో పూసి గుప్పుమంటాయి. మనం రేకులనుకునే నాలుగూ రక్షకపత్రాలే, ఆకర్షణపత్రాలు ఉండవు. కేసరాలు ఎనిమిది, రెండు వరుసల్లో. బొమ్మ గీసేటప్పుడు ఇది మరవకండి. కాయలు మాత్రం విషం.

ఇంగ్లండు తోటల వాళ్లకు ఇది వాసన కోసం పెంచే మొక్క. 1962లో నేపాల్ నుంచి తెచ్చిన 'గూర్ఖా' రకం విత్తనం నుంచి అక్కడ 1982లో 'జాక్వెలిన్ పోస్టిల్' అనే రకం వచ్చింది. నర్సరీ ఉద్యోగి తన భార్య పేరు పెట్టాడు. బాగుంది గానీ, మాకు బెరడు ఒలిచేవాళ్ల పనే గొప్పగా తోచింది.

లోపలి బెరడులోని ఫ్లోయం నారలు పొడవైనవి, గట్టివి. కాగితం బలం అక్కడిదే. బెరడును నానబెట్టి, ఉడకబెట్టి, కొయ్య సుత్తులతో దంచి గుజ్జు చేస్తారు. ఉడికించడానికి పూర్వం కట్టెల బూడిద నీళ్లు వాడేవారు, తర్వాత కాస్టిక్ సోడా వచ్చింది. నీళ్లలో తేలే చట్రంలో గుజ్జు పోసి, పలచగా పరచి, చట్రంతో సహా ఎండలో నిలబెడతారు. ఆరాక ఒలిస్తే ఒక తావు. మిల్లు కాగితం వచ్చాక కుంటుపడిన ఈ పని 1980ల్లో యునిసెఫ్ గ్రీటింగ్ కార్డులతో మళ్లీ లేచింది. కొండ ఊళ్ల ఆడవాళ్లకు కూలి దొరికింది.

గిరాకీ పెరిగితే అడవికి ముప్పు కాదా అని మాలో మేము వాదించుకున్నాం. జవాబు కత్తి పెట్టే చోటులో ఉంది. వేరుతో పెకలిస్తే పొద పోయినట్టే. నేలకు జానెడు ఎత్తున కోసి మొదలు వదిలితే మళ్లీ చిగురిస్తుంది. అయిదారేళ్లు ఆగాలి, అప్పుడే మళ్లీ కోతకు వస్తుంది.