గోమూత్రం ఘాటు ఆమ్లమా, క్షారమా? టిన్నులో నత్రజని నిలబడాలంటే

నిల్వ ఉన్న గోమూత్రం టిన్ను మూత తీయగానే ముక్కు పట్టేసే ఘాటు వస్తుంది కదా, చాలామంది అది ఆమ్లం ఘాటు అనుకుంటారు. కాదండి, అది క్షారం. ఆ వాసనగా గాలిలో కలిసేది మన పంటకి వెళ్లాల్సిన నత్రజని. వీడియోలో చూపించిన దాని వెనక లెక్క ఇక్కడ రాస్తున్నాను.

స్కూల్లో ఏం చదివాం? నీళ్లలో హైడ్రోజన్ అయాన్ వదిలేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్ వదిలేది క్షారం. 1880లలో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ చెప్పిన మాట ఇది. తడి సున్నానికి సరిగ్గా సరిపోతుంది, అందులో హైడ్రాక్సైడ్ ఉంది. మరి అమ్మోనియా? ఒక నత్రజని, మూడు హైడ్రోజన్లు, అంతే. హైడ్రాక్సైడ్ ఎక్కడిది? ఈ చిక్కుముడిని 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ ఎవరికి వాళ్లే విప్పారు. హైడ్రోజన్ అయాన్‌ని ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. అమ్మోనియా నీటి దగ్గర ఒకటి పుచ్చుకుని అమ్మోనియం అవుతుంది. ఇచ్చిన నీరు హైడ్రాక్సైడ్‌గా మిగులుతుంది. అంచేత అది క్షారం.

పీహెచ్ అంటే ఆ హైడ్రోజన్ అయాన్ల లెక్కే. 1909లో సోరెన్‌సెన్ తెచ్చాడు, అదీ కోపెన్‌హాగెన్‌లో ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో! 7 అయితే తటస్థం. తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, ఇది మాత్రం మర్చిపోకండి.

ఇప్పుడు మన టిన్ను దగ్గరికి వద్దాం. తాజా గోమూత్రంలో నత్రజని ఎక్కువగా యూరియా రూపంలో ఉంటుంది. నిల్వలో సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితే అమ్మోనియా పుడుతుంది, పీహెచ్ 9 దగ్గరికి ఎక్కుతుంది. అమ్మోనియం నీళ్లలోనే ఉండిపోతుంది, ఎగరదు. అమ్మోనియా ఎగిరిపోతుంది. ఏది ఎంత ఉంటుందనేది పీహెచ్ చేతిలో ఉంది. 7 దగ్గర అమ్మోనియా నూటికి ఒక పాలు కూడా ఉండదు. 9.2 వచ్చేసరికి ఇంచుమించు సగం సగం. ఎండ తగిలితే ఇంకా పెరుగుతుంది. అందుకే మూత బిగించండి, నీడలో పెట్టండి. నిల్వ టిన్నులో సున్నం ఎప్పుడూ వేయకండి, ఉన్న అమ్మోనియంని కూడా అమ్మోనియా చేసి తరిమేస్తుంది. బీజామృతంలో 20 లీటర్లకి 50 గ్రాముల సున్నం వేస్తాం, నిజమే. అది విత్తన శుద్ధికి, అప్పటికప్పుడు వాడేది. జీవామృతంలో వ్యవహారం వేరు. బెల్లం తిన్న సూక్ష్మజీవులు ఆమ్లాలు వదులుతాయి, అవి అమ్మోనియాని కొంతవరకు పట్టి ఉంచుతాయి.

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల రైతులకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పగలు నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది, మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. పొద్దున ప్రమాదం లేని అమ్మోనియానే అప్పుడు చేపకి విషం.

ఇంకో మాట, పుల్ల మజ్జిగ గురించి. అందులో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది, అది బలహీన ఆమ్లం. బలహీనం అంటే పల్చన అని కాదు. తన దగ్గరున్న హైడ్రోజన్ అయాన్లలో కొన్నే బయటికి ఇస్తుంది, మిగతావి గాదెలో ధాన్యంలా దాచుకుంటుంది. పీహెచ్ పేపరు చూపించేది బయటికి వచ్చిందే, గాదెలో ఉన్నది కాదు. క్షారం తగిలితే ఆ నిల్వ కూడా బయటికొచ్చి ఖర్చయిపోతుంది. అంచేత తెగులుకి కొట్టే పుల్ల మజ్జిగని సున్నం తేటతో గానీ నిల్వ గోమూత్రంతో గానీ ఒకే ట్యాంకులో కలపకండి. మజ్జిగ పులుపు విరిగిపోతుంది, అది కొట్టిన ప్రయోజనం ఉండదు.

పరీక్షకి మీటరే అక్కర్లేదు. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, అదే పరీక్ష. తెల్ల కాగితానికి పసుపు ముద్ద రాసి ఆరబెట్టండి. నిల్వ గోమూత్రం చుక్క వేస్తే ఎరుపు తిరుగుతుంది. మజ్జిగ వేస్తే మారదు, మంచినీళ్లు వేసినా మారదు. పసుపు ఆమ్లాన్ని పట్టలేదు. దానికి నీలి శంకుపూల రసం వాడండి. పులుపు తగిలితే వంగపండు రంగుకి తిరుగుతుంది, సున్నం తేట తగిలితే పచ్చబడుతుంది.